సినిమా కబుర్లూ – మన చిన్నచూపూ

మన సాహిత్య సభల్లో ఒక వాదన తరచు వినబడుతున్నది. యువతరం చెడిపోయిందట, ఇద్దరు స్నేహితులు కలిస్తే తారల పెళ్లిళ్లూ, విడాకులూ, ఏ సినిమా చూడాలీ అన్నవి తప్ప వేరే మాట లేదట, ఇటువంటి వాళ్లు ఉద్యమాలకు పనికిరారట. ఈ మాట అనేవాళ్లు అభివృద్ధి నిరోధకులైతే నేను పట్టించుకోకపోదును. మన శిబిరంలోని అధ్యాపకులే, నిన్న మొన్నటిదాకా నాతో సహా, అంటున్నారు గనుక దీని సంగతి తేల్చుకోక తప్పదు. ఈ వాదన తప్పు మాత్రమే కాదు, సోమరితనం కూడా అని నా అభిప్రాయం.

ఈమధ్య ఒక సాయంత్రం పంజగుట్ట నుంచి నడిచి వస్తూ అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర సందులో టీ తాగడానికి ఆగాను. ఆ సందులు పాఠకులెరిగినవే: పైన కోర్సుల బోర్డులు, హాస్టళ్ల బోర్డులు, కింద జిరాక్సు దుకాణాలు, టిఫిను బండ్లు. నా పక్కన ఇద్దరు స్నేహితులు నిలబడి ఉన్నారు. ఒకడు ఉద్యోగం కోసం కంప్యూటరు కోర్సు చదువుతున్నాడు. రెండోవాడి ఒంటిమీద ఇంటింటికీ భోజనం చేరవేసే కంపెనీ చొక్కా ఉన్నది.

"కొత్త సినిమా ఎట్లుంది మామా, పోవచ్చా?" అన్నాడు మొదటివాడు.

"ఫస్ట్ డేనే వంద కోట్లు దాటింది రా!" అన్నాడు రెండోవాడు.

ప్రశ్నకూ జవాబుకూ పొంతన లేదని గమనించండి. అడిగినది బాగుందా అని. చెప్పినది ఎంత వచ్చిందని. కాసేపు మాట కలిపాక తెలిసినదేమంటే, ఆ రోజు తన కూలిలో ఏ పద్దు కింద ఎంత కోత పడిందో ఆ కుర్రవాడికి తెలియదు. నిర్మాత రాబడి మాత్రం జిల్లాలవారీగా కంఠతా వచ్చును. మిల్లు యజమాని లాభం చూసి నేతపనివాడు చంకలు గుద్దుకున్నట్టున్నది ఇది.

ఇది వాడి తెలివితక్కువతనమా? కాదు. వాడికి ఈ లెక్క నేర్పినవాళ్లున్నారు. వసూళ్ల అంకెలను నిర్మాతలే పోస్టర్లమీద అచ్చువేసి గోడలకు అంటిస్తున్నారు. అభిమాన సంఘాలు వాటితో కొట్లాడుకుంటున్నవి. ఆ సంఘాల అడుగున కులం లెక్కలు కూడా ఉన్నవని తెలుగువాడికి వేరే చెప్పనక్కరలేదు. ఒకప్పుడు సిఫారసు అంటే స్నేహితుడు తన మాటకు తాను పూచీ పడటం. సినిమా బాగుండకపోతే మర్నాడు తిట్లు తినవలసినవాడు వాడే. నేడు ఆ పూచీ లేని సిఫారసులు టోకున తయారై, డబ్బుకు అమ్ముడై, చేతిలోని ఫోనుగుండా స్నేహితుడి నోటికి చేరుతున్నవి. వాడు తన అభిప్రాయమే చెబుతున్నాననుకుంటాడు. మనం ఆగ్రహించవలసినది ఆ నోటిమీద కాదు, ఆ కర్మాగారంమీద.

వినోదం వినోదమే, దానిలో రాజకీయాలు వెదకడమెందుకని మరికొందరంటారు. 1982లో ఒక నటుడు పార్టీ పెట్టి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయిన రాష్ట్రంలో ఈ మాట అనడానికి చాలా ధైర్యం కావాలి. సరే, దగ్గరి సంగతే చూద్దాం. 2024 డిసెంబరు 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్డు సంధ్య థియేటరు దగ్గర 'పుష్ప 2' ప్రీమియరుకు హీరో వచ్చినప్పుడు తొక్కిసలాట జరిగింది. ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు ప్రాణాపాయస్థితిలో ఆస్పత్రి పాలయ్యాడు. ఆ రాత్రి ఆటకు మామూలు ధరమీద 800 రూపాయలు పెంచుకోవచ్చునని అనుమతి ఇచ్చింది ప్రభుత్వమే. డిసెంబరు 13న హీరో అరెస్టయ్యాడు. ఆ తరువాత ఊరంతా మాట్లాడుకున్నది ఏమిటి? అరెస్టు సమయంలో ఆయన ఏం తొడుక్కున్నాడు, బెయిలు ఎప్పుడొచ్చింది, పరామర్శకు ఏయే తారలు వెళ్లారు. డిసెంబరు 21న ఇకమీదట ప్రత్యేక ఆటలూ, ధరల పెంపూ ఉండవని ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించారు. 2025 సెప్టెంబరులో 'ఓజీ' సినిమా ముందురోజు ఆటకు 800 రూపాయల టికెట్టుకు మళ్లీ అనుమతి వచ్చింది, వ్యవహారం హైకోర్టుకెక్కింది. ఏడాదైనా నిలవని ఆ మాటను గురించి నిలదీసిన అభిమాని నాకు కనిపించలేదు. నిలదీయమని వాడికి మనం చెప్పినదీ లేదు.

ఇంకొకటి. 2025 ఆగస్టు 4 నుంచి తెలుగు సినిమా కార్మికులు 30 శాతం వేతనం పెంచాలని షూటింగులు ఆపారు. లైట్లు మోసేవాళ్లు, సెట్లు కట్టేవాళ్లు, డ్రైవర్లు, దుస్తుల విభాగంవాళ్లు. కోట్ల అంకెలకు అసలు చెమట పోసేవాళ్లు వీళ్లే. వీళ్లలో చాలామంది అమీర్‌పేటకు కూతవేటు దూరాన కృష్ణానగర్‌లో అద్దె గదుల్లో ఉంటారు. పద్దెనిమిది రోజుల తరువాత, రోజుకు రెండువేలలోపు కూలివాళ్లకు మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం పెంచే ఒప్పందం కుదిరింది. ఆ పద్దెనిమిది రోజులూ మనం ఎన్ని వ్యాసాలు రాశాం? సినిమా మనకు అంటరానిది గనుక సినిమా కార్మికుడు కూడా అంటరానివాడైనాడు.

స్త్రీల విషయం మరీ దారుణం. తెలుగు సినిమారంగంలో లైంగిక వేధింపులమీద 2019లో అప్పటి తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. 2022లో నివేదిక అందింది. 2024 ఆగస్టులో కేరళలో హేమ కమిటీ నివేదిక వెలువడ్డాక, ఇక్కడి నివేదికను కూడా బయటపెట్టమని నటి సమంత బహిరంగంగా కోరవలసి వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో ఆమె విడాకులను ఒక మంత్రి రాజకీయ దూషణకు వాడుకొని, నిరసన రేగాక మాట వెనక్కి తీసుకున్నారు. ఆమె విడాకుల సంగతి ఎరగని ఇల్లు లేదు. ఆమె అడిగిన నివేదిక సంగతి ఎన్ని ఇళ్లకు తెలుసు?

కబుర్లు చెడ్డవి కావు. కబుర్లలోకి ఏది రావాలి, ఏది రాకూడదు అని నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉన్నదన్నదే ప్రశ్న. మనం ఆ రంగం వదిలి వచ్చాం గనుక అది పూర్తిగా వాళ్ల చేతిలోకి పోయింది.

మన పెద్దలు ఇలా వదలలేదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభకు అధ్యక్షత వహించిన తాపీ ధర్మారావు గారే 1938లో 'మాలపిల్ల'కు మాటలు రాశారు. ఆ సినిమా కథ చలంది. ప్రజానాట్యమండలి గరికపాటి రాజారావు 1953లో 'పుట్టిల్లు' తీశాడు. కొడవటిగంటి కుటుంబరావు సినిమాలమీద విడువకుండా వ్యాసాలు రాశాడు. 'మాలపిల్ల' తీసిన సారథి సంస్థ పేరుమీదనే అమీర్‌పేటలో స్టూడియో వెలిసింది. పూర్తిగా హైదరాబాదులో తీసిన మొదటి తెలుగు సినిమాగా చెప్పే 'మా ఇంటి మహాలక్ష్మి' (1959) అక్కడ తయారైనదే. అదే అమీర్‌పేటలో సత్యం థియేటరు కూలి, ఆ చోట 2023లో అల్లు అర్జున్ భాగస్వామిగా ఉన్న మల్టీప్లెక్సు లేచింది. హీరో బొమ్మలో ఆడటమే కాదు, బొమ్మ ఆడే గోడలకు కూడా వాటాదారైనాడు. ఈ మార్పును విద్యార్థులకు ఎవరు వివరించాలి?

నేనూ ఈ పాపం చేసినవాణ్ణే. ఒకసారి తరగతిలో ఒక కుర్రవాడు అభిమాన నటుడిని గురించి వ్యాసం రాస్తే అందరిముందూ చదివి ఎగతాళి చేశాను. వాడు ఆ తరువాత నా తరగతిలో నోరు విప్పలేదు. నటుడిమీద వాడి ప్రేమ రవ్వంత తగ్గలేదు. తగ్గినది సాహిత్యంమీద గౌరవం.

ఆ టీకొట్టు దగ్గర చొక్కా కుర్రవాడు చివరికి నన్నడిగాడు: "మీరు తెలుగు సారంటున్నరు గదా, మంచి సినిమా ఒకటి చెప్పుండ్రి సార్." నేను నలభై ఏళ్లనాటి సినిమా పేరొకటి చెప్పాను. ఈ మధ్య వచ్చినవాటిలో చెప్పమన్నాడు. చెప్పలేకపోయాను, చూస్తే గదా. "పోనీలే సార్" అని నవ్వి, ఆర్డరు మోగితే బండెక్కి పంజగుట్ట వైపు వెళ్లిపోయాడు.

ఆ కుర్రవాడికి జవాబు బాకీ ఉన్నాం. ఈ పత్రికలో ప్రతి సంచికకూ ఒక సినిమా విమర్శ ఉండాలని, అందులో కథతోపాటు టికెట్టు ధర, కార్మికుల కూలి, స్త్రీల పని పరిస్థితులు కూడా చర్చకు రావాలని, అది విద్యార్థుల చేతనే రాయించాలని నా ప్రతిపాదన. మొదటి విమర్శ రాయడానికి ఆనాడు నేను ఎగతాళి చేసిన కుర్రవాడినే అడగబోతున్నాను. వాడు ఒప్పుకుంటాడో లేదో!