పట్టికతో తీరని బాధ్యత: రిజర్వు బ్యాంకు గవర్నరుగారికి బహిరంగ లేఖ

భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరుగారికి, నెల్లూరు జిల్లా అల్లూరునుండి వ్రాయు విన్నపము.



వరిపొలములతోపాటు రొయ్యల చెరువులు మా తీరమునకు జీవనాధారములు. చెరువుగట్టున నిలిచి వంద కౌంటు ధర యెంతయని వ్యాపారి నడుగు రైతు సైతము తన సరుకు విలువ డాలరుతో ముడివడి యున్నదని యెఱుగును. కావుననే డాలరు హెచ్చుతగ్గులపై ధనము గడింపుడని సెల్‌ఫోనులో అచ్చతెలుగున పలుకు ప్రకటన, ఇచటివారికి తెలిసిన వ్యాపారమువలెనే తోచుచున్నది.

ఆ ప్రకటనను నమ్మి చేరినవాడు తొలుత కొద్దిపాటి సొమ్మును యూపీఐ ద్వారా ఎవరిదో స్వదేశ ఖాతాకు పంపును. తెరపై లాభము కనబడును. వేయి రూపాయలతో లక్ష రూపాయల బేరము సాగింపవచ్చునను ఆశచే మరికొంత పంపును. అట్టి బేరమున ధర ఒక్క శాతము ఎదురు తిరిగినచో పెట్టిన వేయియు హరించును. ఈ ప్రమాదము నెఱిగియే ఐరోపా నియంత్రణాధికారులు 2018లో ప్రధాన కరెన్సీలపై బేరమును పెట్టుబడికి ముప్పది రెట్లకు పరిమితము గావించి, చిన్న మదుపరుల ఖాతాలలో 74 నుండి 89 శాతము నష్టపోవుచున్నవని ప్రకటించిరి. మనవలె వర్ధమాన దేశమైన కెన్యా, 2017లోనే ఆన్‌లైను విదేశమారక బ్రోకర్లకు లైసెన్సు నిబంధనల నేర్పరచినది.

మన శాసనము బలహీనమైనది కాదు. 1999 నాటి విదేశమారక నిర్వహణ చట్టము (ఫెమా) ననుసరించి అధీకృత వ్యక్తులతోనే, అనుమతింపబడిన ప్రయోజనములకే విదేశమారక లావాదేవీలు జరుపవలెను. ఏటా రెండున్నర లక్షల డాలర్లవరకు విదేశములకు పంపుకొను సౌకర్యము సైతము ఇట్టి బేరముల మార్జినునకు వర్తింపదు. 2022 సెప్టెంబరులో మీ సంస్థ అనుమతిలేని విదేశమారక వేదికల 34 పేర్లతో హెచ్చరిక పట్టికను వెలువరించి, పిమ్మట దానిని పెంచుచు వచ్చినది. అయినను 2021లో ఢిల్లీ క్యాపిటల్స్ క్రికెట్ జట్టునకు భాగస్వామియై ఇంటింటి టీవీలో మెఱసిన ఆక్టాఎఫ్ఎక్స్ వంటి పేరు ఆ పట్టికకెక్కునప్పటికే ప్రజల మనస్సులలో నాటుకొనియుండెను. ఎన్‌ఫోర్స్‌మెంటు డైరెక్టరేటు దాని ఆస్తులను జప్తు చేయుట అటుపిమ్మటనే జరిగినది. పట్టికలో లేనంతమాత్రమున అనుమతి యున్నట్లు కాదని మీరే వ్రాసియున్నారు. ఆ ఒక్క వాక్యము మా పల్లెలకు చేరలేదు.

కావున మూడు ప్రార్థనలు. అనుమతి గలవారి పేర్లను తెలుగున ముద్రించి ప్రతి బ్యాంకు శాఖలోను గోడపై అంటింపుడు. ఇట్టి సొమ్ము పోగుచేయుటకు ఇతరులనుండి అద్దెకు తీసికొన్న ఖాతాలను బ్యాంకులు తామే కనిపెట్టి నిలుపునట్లు శాసింపుడు. అనుమతిలేని వేదికల ప్రకటనలను ప్రసారము చేయువారిని సైతము బాధ్యులను గావించుటకు సెబీతోను, కేంద్ర ప్రభుత్వముతోను కలిసి పూనుకొనుడు.

సొమ్ము సరిహద్దు దాటిన పిదప హెచ్చరించుట రికార్డుకు మాత్రమే ఉపకరించును. ఖాతానుండి కదలకమునుపే అడ్డుపడుటయే రైతునకు రక్షణము. ఆ రక్షణమును మీనుండి కోరుచున్నాము.

ఇట్లు,
అల్లూరు పౌరుడొకడు