జేజేలు పలికిన నోళ్లు

రాజకీయ నాయకుని కీర్తి ఎంతకాలం నిలుస్తుందో చెప్పగల పంచాంగం ఇంకా వెలువడలేదు. ఈ విషయంలో ఇందిరాగాంధీ చూసినన్ని ఎత్తుపల్లాలు మన ప్రధానులలో మరొకరు చూసి ఉండరు.

1971 మార్చి ఎన్నికలలో ఆమె పార్టీ లోక్‌సభలో 352 స్థానాలు గెలుచుకొన్నది. ఆ డిసెంబరు యుద్ధంలో బంగ్లాదేశ్‌కు విముక్తి లభించగానే ఆమెను సాక్షాత్తు దుర్గాదేవితో పోల్చినవారు కోకొల్లలు. భారతరత్న కూడా ఆమెను వరించింది. కాని ధరలు మండసాగాయి. 1974లో గుజరాత్, బీహార్ విద్యార్థులు వీధులకెక్కారు. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఆమె ఎన్నిక చెల్లదన్నది. జూన్ 25 రాత్రి దేశంలో ఎమర్జెన్సీ ప్రకటితమైంది.

ఆ రాత్రే ఢిల్లీలో పత్రికా కార్యాలయాలు కొలువుతీరిన బహదూర్‌షా జఫర్ మార్గ్‌లో విద్యుత్తు నిలిపివేశారు. ఇండియన్ ఎక్స్‌ప్రెస్ వంటి కొద్ది పత్రికలు సంపాదకీయం ఉండవలసిన చోటును ఖాళీగా వదిలి తమ నిరసన తెలిపాయి. తక్కినవి సెన్సారు అధికారి కనుసన్నలలో మెలగడానికి త్వరలోనే అలవాటుపడ్డాయి. నిర్బంధంలో పలికిన పొగడ్తను చంచలత్వమనడం న్యాయం కాదేమో! అయితే దానివల్ల తొలుత నష్టపోయినది పాలకురాలే. తన ప్రభుత్వం వడపోసిన వార్తలే దేశమంతటా అచ్చయ్యాయి. ఉత్తరాది పల్లెలలో బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు రగిలించిన ఆగ్రహం ఆ పుటలలో కానరాలేదు. 1977 జనవరి 18న ఆమె ఎన్నికలు ప్రకటించారు.

ఫలితం తెలిసినదే. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో కాంగ్రెసుకు ఒక్క స్థానమైనా దక్కలేదు. రాయ్‌బరేలీలో ఆమె స్వయంగా 55,000 పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. అదే ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 స్థానాలలో 41 కాంగ్రెసుకే కట్టబెట్టింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా పక్షాన నెగ్గారు. ఓటరును నిలకడ లేనివాడని నిందించేవారు ఈ అంకెలను ఒకసారి చూడాలి. దెబ్బ తగిలినచోట జనం తిరగబడ్డారు, అంతగా తగలనిచోట వెన్నంటి ఉన్నారు. గాలివాటున తిరిగినవి పత్రికలు. నిన్నటిదాకా నోరు మెదపనివి సైతం సెన్సారు తొలగగానే ఎమర్జెన్సీ దురాగతాలను పుంఖానుపుంఖాలుగా ప్రచురించాయి. ఆమె రాజకీయ జీవితం ముగిసినదని తీర్మానించిన వ్యాఖ్యాతలకూ కొదువలేదు.

ఆ తీర్మానానికి ఏడాదైనా ఆయుర్దాయం లేకపోయింది. 1978 ఫిబ్రవరిలో, చీలిక తరువాత నెలలు నిండని ఆమె కొత్త కాంగ్రెసు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక శాసనసభలను గెలుచుకొన్నది. నవంబరులో చిక్కమగళూరు ఆమెను లోక్‌సభకు పంపింది. డిసెంబరులో సభ ఆమెను బహిష్కరించి జైలుకు పంపింది. ఈ శిక్షే ఆమెకు సానుభూతిని సంపాదించి పెట్టింది. ఇక జనతా నాయకులు పదవుల కోసం కుమ్ములాడుకొని, 1977లో తమకు లభించిన అపార విశ్వాసాన్ని రెండున్నరేళ్లలోపే హరింపజేసుకొన్నారు. 1979 జూలైలో మొరార్జీ దేశాయి రాజీనామా ఇచ్చారు. చివరకు ఉల్లిపాయల ధర కూడా వారికి శత్రువైంది.

1980 జనవరిలో ఇందిర 353 స్థానాలతో తిరిగి వచ్చారు. మెదక్‌లో రెండు లక్షలకు మించిన ఆధిక్యం లభించింది. మూడేళ్ల క్రితం తిరస్కరించిన రాయ్‌బరేలీ కూడా ఈసారి ఆమెనే గెలిపించింది. ఆమె మెదక్‌ను ఉంచుకొని రాయ్‌బరేలీని వదులుకొన్నారు. 1984 అక్టోబరు 31న హత్యకు గురయ్యేనాటికి ఆమె మెదక్ సభ్యురాలే.