మైకు ముందర

మైకు అనే వస్తువులో ఏదో మహత్తు వున్నది. అంతసేపూ పక్కింటి పిన్నిగారితో మాట్లాడినట్లు హాయిగా మాట్లాడుతున్న మనిషి, దాని ముందు నిలబడేసరికి కలెక్టరాఫీసు తాఖీదులాగా మారిపోతాడు. “వచ్చాను” అనే మాట నోట రాదు. “విచ్చేయటం జరిగింది” అంటాడు. ఎవరికి జరిగిందో, ఎవరు జరిపారో ఆ దేవుడికే తెలియాలి. పిల్లల స్కూలు వార్షికోత్సవాల్లో మీరూ వినే వుంటారు. అక్కడ ఫరవాలేదు లెండి. ఎవరూ వినరు కనుక ఎవరికీ నష్టం లేదు. పిల్లల డాన్సు ఎప్పుడా అని మనం ఎదురుచూస్తూ వుంటాం.

నష్టం వుండే చోటు ఒకటి ఈ మధ్య చూశాను.

చిలకలూరిపేటనుంచి పర్చూరు వెళ్ళే దారిలో, పత్తి, మిరప తప్ప మరొకటి కంటికి కనబడని పల్లెల మధ్య, ఒక స్వచ్ఛంద సంస్థ పనిచేస్తున్నది. పేరు మనకు అనవసరం. పాతికమంది ఉద్యోగులు, చాలామంది ఆ చుట్టుపక్కల వూళ్ళ పిల్లలే. కూలికి వెళ్ళే ఆడవాళ్ళకూ రైతులకూ పురుగుమందుల దగ్గర పాటించవలసిన జాగ్రత్తలు చెప్పటం వాళ్ళ పనుల్లో ముఖ్యమైనది. సంక్రాంతి వెళ్ళగానే ఆ సంస్థవారు కబురు చేశారు. “మావాళ్ళకు సభలో మాట్లాడటం రావటం లేదు. రెండు రోజులు వచ్చి నేర్పండి” అని. తెలుగులో ఎం.ఏ. చదివినవాడికి మాట్లాడటం వచ్చునని లోకంలో ఒక నమ్మకం వున్నది. మా ఇంట్లో ఆ నమ్మకం లేదు, అది వేరే సంగతి.

అంతకుముందు ఏడు హైదరాబాదునుంచి ఒక నిపుణుడు వచ్చి వెళ్ళాడట. కాళ్ళు ఎంత ఎడంగా పెట్టి నిలబడాలి, చేతులు ఎక్కడ వుంచుకోవాలి, జనంలో ఎవరి కళ్ళలోకి ఎంతసేపు చూడాలి — ఇవన్నీ నేర్పాడు. ఆ పాఠం వాళ్ళకు బాగానే ఒంటబట్టింది. ఒక కుర్రవాడు రెప్పవేయకుండా నన్నే చూస్తూ అయిదు నిమిషాలు మాట్లాడాడు. నాకు భయం వేసి మంచినీళ్ళు అడిగాను.

మొదటి రోజు ఒక్కొక్కరినీ లేపి, “మీరు పల్లెలో ఏం చెబుతారో అది ఇక్కడ చెప్పండి” అన్నాను. ఇరవయ్యేళ్ళు దాటీ దాటని ఒకమ్మాయి లేచింది. “రసాయన పురుగుమందుల పిచికారీ అనంతరం నిర్దేశిత కాలవ్యవధి లోపల పంట క్షేత్రంలో ప్రవేశించటం వలన ఆరోగ్యంపై దుష్ప్రభావాలు కలిగే అవకాశం వున్నందున, లబ్ధిదారులందరూ తగు జాగ్రత్తలు పాటించవలసిందిగా అవగాహన కల్పించటమైనది.” ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. వ్యాకరణంలో తప్పు పట్టటానికి లేదు. నిజానికి మా కాలేజీ పిల్లలు ఇంత శుద్ధంగా రాయలేరు.

ఈ భాష ఆ అమ్మాయిది కాదు. డబ్బు ఇచ్చేవారు ఇంగ్లీషులో కాగితాలు పంపుతారు. ఆఫీసులో ఎవరో కూర్చుని వాటిని తెలుగు చేస్తారు. నెలాఖరుకు మళ్ళీ అదే తెలుగును ఇంగ్లీషు చేసి నివేదిక పంపుతారు. ఈ రెండు ప్రయాణాల మధ్య పాపం ఆ మాటలు ఒకసారి పల్లెకు కూడా వెళ్ళి వస్తాయి.

టీ తాగే వేళ అదే అమ్మాయి అరుగుమీద కూర్చుని తోటివాళ్ళతో చెబుతున్నది. “మా అమ్మ మిరపకోతకు పోయొచ్చిన రాత్రి చేతులకు ఆముదం రాసుకుని నిద్రపట్టక వసారాలో కూర్చునేది. మిరప మంటేలే అనుకునేది. ఒకరోజు వాంతులు పట్టుకున్నాయి. ముందురోజు మధ్యాహ్నమే ఆ చేలో మందు కొట్టారని మాకు తరవాత తెలిసింది.” నేను కప్పు కింద పెట్టి, “ఇందాక ఇది చెప్పలేదేమమ్మా?” అన్నాను.

ఆ పిల్ల నావంక వింతగా చూసింది. “అది ఉపన్యాసం కాదు కదండీ సార్! మామూలు సంగతి.”

ఆ మధ్యాహ్నం పాఠం ఒకే ఒక మాట చుట్టూ తిరిగింది. ఆ మాట “మందు”. చూడండి, జ్వరానికి వేసుకునేదీ మందే, పురుగును చంపేదీ మందే. యూరియా బస్తాలను మావైపు మందు కట్టలంటారు. కల్లు, సారా సంగతి సరేసరి. టపాకాయలో కూరేదీ మందే. నిఘంటువు రాసేవాళ్ళకు ఇది సరదాగా వుంటుంది గాని, చేలో నిలబడ్డవాడికి కాదు. మందు అనేది మేలు చేసేదని చిన్నప్పటినుంచీ మన చెవి నేర్చుకున్నది. అంచేత రోగం ముదిరితే మందు ఎక్కువ వెయ్యాలి, ఒకటి పనిచేయకపోతే రెండు కలపాలి అనే తర్కం దానంతట అదే వచ్చేస్తుంది. 2021లో నల్ల తామరపురుగు వచ్చి మిరపతోటలను ఎండగొట్టినప్పుడు రైతులు మందుమీద మందు కొట్టారంటే వాళ్ళ తెలివిని తప్పుపట్టలేం. ఎకరానికి లక్షలు పెట్టుబడి పెట్టి, ఎదురుగా పూత రాలిపోతూ వుంటే ఎవరైనా అదే చేస్తారు. అదే పల్లెలో “ఫలానావాడు మందు తాగాడట” అన్నారంటే మాత్రం ఆ మాటకు వేరే అర్థం లేదు. ఆ ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయన్నమాట. ఆ ఒక్క వాక్యంలో మాత్రమే మందు విషమని అందరికీ తెలుస్తుంది.

“అయితే ఏమనమంటారు, విషం అనమంటారా?” అని ఒకాయన అడిగాడు. అనవచ్చు. చట్టమే ఆ పని చేసింది. 1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారం ప్రతి డబ్బామీదా మూల నిలబెట్టిన చదరం ఒకటి వుండాలి. దాని కిందిసగం రంగే ప్రమాదం తెలిపే గుర్తు. ఎరుపు అన్నిటికన్నా తీవ్రమైన విషం. తరవాత పసుపు, ఆపైన నీలం, చివరికి ఆకుపచ్చ. చదువు రానివాళ్ళకోసమే ఈ ఏర్పాటు. ఆ పాతికమందిలో ఈ రంగుల వరస తెలియనివాళ్ళు లేరు. కాని పల్లెలో ఒక డబ్బా చేతబట్టుకుని చూపించి చెప్పినవాళ్ళు ఇద్దరు. మిగిలినవాళ్ళు “లేబుల్ సూచనలు పాటించాలి” అని చెప్పి వచ్చారు. పాటిస్తారు, ఎందుకు పాటించరు, అది ఎక్కడ వుందో తెలిస్తే!

2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లాలో బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసిందని పరీక్షల్లో తేలింది. మన పత్తి చేలల్లో ఏళ్ళ తరబడి కొట్టిన మందే. ఖాళీ డబ్బా గట్టిగా వుంటుంది, మూత బిగువుగా వుంటుంది, పారేయబుద్ధి కాదు. కడిగి నీళ్ళు పోసుకునే ఇళ్ళు నేను చూశాను. “వాడిన డబ్బాలను ధ్వంసం చేయవలెను” అనే వాక్యానికీ, ఆ పిల్లల సంగతి చెప్పి “ఆ డబ్బాకు చిల్లి పొడువు పిన్నీ” అనటానికీ ఎంత దూరమో మీరే ఆలోచించండి.

రెండో రోజు బుర్రకథ సంగతి ఎత్తాను. గుంటూరు సీమలో మాట్లాడటం నేర్పేవాడు నాజర్ పేరు తలచుకోకపోతే పాపం చుట్టుకుంటుంది. షేక్ నాజర్ 1920లో పొన్నెకల్లులో పుట్టాడు. దూదేకుల ఇంటి బిడ్డ. ఆత్మకథకు “పింజారి” అనే పేరు పెట్టుకున్నాడు. దూది ఏకినట్టే కథనూ ఏకాడాయన. బెంగాలు కరువును బుర్రకథగా చెప్పాడు. పల్నాటి యుద్ధం వినటానికి కూర్చున్న జనమే ఎక్కడో తూర్పున అన్నం లేక చచ్చిపోతున్నవాళ్ళ కథనూ విన్నారు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయనకన్నా ముందు, 1921 చీరాల-పేరాల రోజుల్లో, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చినా పామరుల పాటలూ ఆటలూ చేరదీశాడే గాని ఎడింబరో భాష మాట్లాడలేదు. పన్నుకు ఎదురుతిరిగి ఊరు వదిలిన జనం 11 నెలలు రామనగరం పాకల్లో కాపురం చేశారంటే, ఆ మాటలో ఎంత బలం వుండి వుండాలి!

సరే, బుర్రకథలో గమనించవలసింది ఏమిటంటే, కథకుడు ఒక్కడూ ఎన్నడూ మాట్లాడడు. అటొకడు, ఇటొకడు వంతలు వుంటారు. ఒకడు హాస్యం చెబుతాడు, ఒకడు లోకం సంగతి అందుకుంటాడు. కథకుడు కాస్త ఎత్తుకు పోగానే “అదేమిటి? ఎందుకని?” అంటూ కిందికి లాగుతారు. జనం నోట్లో వున్న ప్రశ్న వాళ్ళు అడిగేస్తారు. అంచేత పల్లెకు ఇద్దరిద్దరు వెళ్ళండి, ఒకరు చెప్పండి, ఒకరు అడగండి అన్నాను.

అందరూ మొహమాటపడుతూ వుంటే, గుమ్మం దగ్గర కూర్చుని వింటున్న వంటామెను రమ్మన్నాను. సీజనులో ఆవిడ కూడా కోతలకు వెళ్ళే మనిషే. టీ దగ్గర తల్లి సంగతి చెప్పిన అమ్మాయినే నిలబెట్టాను. ఈసారి తాఖీదు లేదు. “నిన్న మందు కొట్టిన చేలోకి ఇవాళ కోతకు పోవద్దు పిన్నీ” అని శుభ్రంగా మొదలుపెట్టింది. వాళ్ళమ్మ కథ చెప్పింది. గది గదంతా నిశ్శబ్దంగా విన్నది. నేను లోలోపల మురిసిపోతున్నాను.

వంటామె అంతా విని, చీరకొంగు సర్దుకుని అడిగింది. “పోకపోతే ఆ రోజు కూలి ఎవరిస్తారమ్మాయ్, నువ్విస్తావా?”

ఎవరూ నవ్వలేదు. ఆవిడ ఆగలేదు కూడా. “మందు ఎప్పుడు కొట్టారో మాకెట్టా తెలుస్తుంది? తెల్లవారుజామున ఆటో వస్తుంది, ముఠాతో ఎక్కుతాం, దిగి కోస్తాం. వాసన వస్తే తెలుస్తుంది. అప్పటికి ఊరికి పది మైళ్ళ దూరాన వుంటాం. తిరిగి నడిచి రమ్మంటావా?”

నిజంగా ఆ రెండు రోజుల్లో అందరికన్నా బాగా మాట్లాడిన మనిషి ఆవిడే. ఏళ్ళ తరబడి ఈ సంస్థ కూలి స్త్రీలను పోగుచేసి “మీరు జాగ్రత్తగా వుండండి” అని చెబుతున్నది. మందు కొట్టే రోజూ వాళ్ళ చేతిలో లేదు, కోతరోజూ వాళ్ళ చేతిలో లేదు. రెండూ తెలిసినవాడు రైతు. కూలీలను మాట్లాడేది ముఠామేస్త్రి. చెప్పవలసినవాళ్ళకు చెప్పకుండా, వినటం తప్ప గతిలేనివాళ్ళకు చెబుతున్నారన్నమాట. ఎంత మంచి ఉపన్యాసమైతేనేం, తప్పు చిరునామాకు రాసిన ఉత్తరం లాంటిది. ఆ సంగతి వంటామె ప్రశ్న వల్ల బయటపడింది గాని నా పాఠం వల్ల కాదు.

ఆ అమ్మాయి తెల్లబోయి నావంక చూసింది. ఏదో ఒక జవాబు చెప్పి సర్దుకోవటం వక్తల అలవాటు. ఆ అలవాటు మాత్రం పడవద్దని చెప్పాను. “నాకు తెలియదు పిన్నీ, కనుక్కుని మంగళవారం వస్తాను” అనవచ్చు. అన్నాక మంగళవారం వెళ్ళాలి, అంతే.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆ ప్రాంతంలో అందరినీ మించిన వక్త పురుగుమందుల కొట్టు యజమాని. ఆయన ఏనాడూ సభ పెట్టడు. రైతు వెళ్ళగానే “ఆకు తెచ్చావా బాబాయ్?” అంటాడు. ఆకు తిప్పి చూస్తాడు, పిల్ల పెళ్ళి సంబంధం సంగతి అడుగుతాడు, రెండు డబ్బాలు చేతిలో పెట్టి “పంట అమ్మాక ఇద్దువులే” అంటాడు. వినటం, అడగటం, అప్పివ్వటం — మూడూ ఆయనకు వచ్చును. మనవాళ్ళకు మూడోది చేతకాదు. మొదటి రెండూ అయినా నేర్చుకోవద్దూ? హైదరాబాదులోని మేనేజ్ అనే ప్రభుత్వ సంస్థ ఈ సంగతి ముందే గ్రహించి, 2003లోనే ఎరువుల, పురుగుమందుల కొట్లవాళ్ళకు ఏడాది డిప్లొమా పెట్టింది. రైతు ఎవరి మాట వింటాడో వాళ్ళకే వ్యవసాయం నేర్పుదామన్నారు. తెలివైన పని.

చందాల సభల సంగతి కూడా సంస్థవారు అడిగారు. దాతల ముందు ఒక బీదరాలిని నిలబెట్టి, ఆవిడ కష్టం ఆవిడ ఎదుటే మనం కన్నీళ్ళతో వర్ణించే పద్ధతి ఒకటి వున్నది. నాకు అది గిట్టదు. ఆవిడకు ఇష్టమైతే ఆవిడే చెబుతుంది, లేకపోతే పేరు లేకుండా మనం చెప్పవచ్చు. మీ ఇంటికి విరాళానికి వచ్చేవాళ్ళను కూడా ఏం ఫోటోలు తెచ్చారని కాక, ఏం చేశారని అడిగి చూడండి.

మొన్న ఆ అమ్మాయి ఫోను చేసింది. ముఠామేస్త్రి ఇంటికి వెళ్ళిందట. మేస్త్రిని వెంటబెట్టుకుని నలుగురు రైతుల దగ్గరికి కల్లాల్లోకే వెళ్ళి అడిగిందట — మందు కొట్టిన రోజు రాత్రికల్లా మేస్త్రికి ఫోను చేసి చెప్పండి, ముఠాను వేరే చేలోకి తిప్పుకుంటాడు, వాళ్ళ కూలీ పోదు, మీ కోతా రెండు రోజులు ఆలస్యంగానైనా అవుతుంది అని. ముగ్గురు సరేనన్నారు. నాలుగో ఆయన కాయలు తిరగేస్తూనే, “నాకు చెప్పటం దేనికమ్మాయ్, ఎప్పుడు ఏది కొట్టాలో నాకు కొట్టాయన చెబుతాడు. పోయి ఆయన్ను అడుగు” అన్నాడట.

శుక్రవారం ఆ కొట్టుకు వెళుతున్నానని చెప్పింది. వంటామెను కూడా తీసుకుపోతున్నదట.