శబ్దము మాత్రమే



సీషెల్స్ దీవులలోని ఫెబా కేంద్రము 1970 నుండి 2003 వరకు షార్ట్‌వేవ్‌లో సువార్తను ప్రసారము చేసింది. ట్రాన్సిస్టర్‌కు చెవి ఆనించి, గరగరల మధ్య ఆ తెలుగు కార్యక్రమములు విన్నాము. మాట్లాడినవారి పేర్లు మరచిపోయాము. విన్న వాక్యము మాత్రము నిలిచింది.

ఈమధ్య ఒక రేడియో ప్రసంగమును గడియారము చూస్తూ విన్నాము. పదిహేను నిమిషములలో తొమ్మిది నిమిషములు ప్రసంగీకుని బిరుదులకు, ఆయన తిరిగిన దేశములకు, రాబోవు సభలకే సరిపోయాయి. మిగిలిన ఆరింటిలోను "నేను ప్రార్థించగా" అన్న మాటే ఎక్కువ.

మా సంఘములో మంచము పట్టిన ఒక తల్లి అది విని, "అయ్యగారూ, ఆయన చెయ్యి నా మీద పెడితే చాలు, లేచి కూర్చుంటాను" అన్నది. యేసు పేరు ఆమె నోట రాలేదు. మా గుండె కలుక్కుమన్నది. ప్రక్కన కూర్చుండి మార్కు 5వ అధ్యాయము చదివి, ప్రార్థించి వచ్చాము.

చిరునామా చెప్పుట తప్పు కాదు. ఉత్తరము వ్రాయువారికి అది కావాలి కదా! కాని "నీవెవరవు?" అని అడిగినప్పుడు బాప్తిస్మమిచ్చు యోహాను తాను ఒక శబ్దమునని మాత్రమే చెప్పాడు (యోహాను 1:23). రేడియోలో ముఖము కనబడదు. అక్కడ సేవకుడు నిజముగా శబ్దమే. అంతకంటె ధన్యత ఏమి?

ఇతరులను అనుట సులువు. మొన్న సభల కరపత్రములో మా పేరు చిన్న అక్షరములలో పడిందని మేమును చిన్నబుచ్చుకొన్నాము. ప్రభువు క్షమించును గాక.

ప్రియులారా, రేడియో కట్టివేసిన తరువాత ఇంటిల్లిపాది ఒక్క ప్రశ్న వేసికొనండి: ఇప్పుడు మనకు గుర్తున్నది ఎవరి పేరు?