కాసులు పోయినా డబ్బీ ఉండనీండి

పెండ్లిండ్ల కాలం వచ్చిందంటే జమ్మలమడుగు, పులివెందుల నుంచి బస్సెక్కి ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు రావడం మనకు మామూలే. సంచి అడుగున పాత వెండి మూట ఒకటి ఉంటుంది. మూత ఊడిన కుంకుమ బరిణె, తెగిన పట్టీలు, ఎవరివో తెలియని మొలతాళ్లు. అన్నీ కలిపి తూకం వేయించి, తరుగు పోను వచ్చింది కొత్త సొమ్ములో కలిపేస్తాం. అక్కయ్యలూ, ఈసారి ఆ మూట అంగట్లో విప్పే ముందు ఇంట్లోనే ఒకసారి విప్పి చూడండి.

అందులో జేబు గడియారం మాదిరి గుండ్రంగా, పైన చిన్న కొక్కెంతో వెండి డబ్బీ కనబడితే పక్కన పెట్టండి. మూత తీస్తే గడియారం ఉండదు, స్ప్రింగు మీద లేచి దిగే బిళ్ల ఉంటుంది. ఇంగ్లీషు సవరను కాసులు దాచుకునే డబ్బీ అది. కాసును అదిమి పక్కకు జరిపితే అంచు కింద ఇరుక్కుంటుంది. నాలుగైదు పడతాయి. బొటనవేలితో తోస్తే పైది ఒక్కటే బయటికొస్తుంది. ఊపినా గలగలమనవు, ఒకదానికొకటి రాసుకుని అరగవు. సవరను అంటే 22 క్యారెట్లు, దాదాపు 8 గ్రాములు. రవ్వంత అరిగినా నష్టమే కదా!

ఇంగ్లండులో మగవాళ్లు దీన్ని గడియారం గొలుసుకు తగిలించుకునేవాళ్లు. మన అవ్వలు రొండిన చిక్కం దోపుకున్నట్టే, కాకపోతే వాళ్లది షోకు. 1914లో యుద్ధం రాగానే అక్కడ కాసుల బదులు నోట్లు వచ్చాయి, డబ్బీలకు పని తప్పింది. మన దేశంలో 1899 చట్టంతో సవరను 15 రూపాయలకు చెల్లేది. 1918లో బొంబాయిలోనే ముద్రించారు కూడా.

మూత లోపల భూతద్దం పెట్టి చూడండి. నడిచే సింహం ముద్ర ఉంటే వెయ్యికి 925 పాళ్లు వెండి. లంగరు బొమ్మ ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్ష చేసింది. పక్కన ఒక్క ఇంగ్లీషు అక్షరం ఏ సంవత్సరమో చెబుతుంది. ఇ.పి.ఎన్.ఎస్. అని ఉంటే మాత్రం వట్టి వెండి పూత. వెండి ధర పెట్టి కొనొద్దు. నా దగ్గరున్న మూడింట్లో ఒకటి పూతదే. స్ప్రింగు బాగుందని ఉంచుకున్నా. మా ఆయన నవ్వుతారు, నవ్వనీ.

కరిగిస్తే వచ్చేది తూకం ధరే. సేకరించేవాళ్లయితే ముద్ర, స్ప్రింగు, మూత బిగువు చూసి ధర కడతారు. అందుకే చింతపండు, పండ్లపొడి వేసి తోమకండి, ముద్రలు అరిగిపోతాయి. నీళ్లలో ముంచితే స్ప్రింగు తుప్పు పడుతుంది. పాత నూలుచీర ముక్కతో తుడిచి, గాలి చొరని డబ్బాలో పెట్టండి. రబ్బరు బ్యాండు చుట్టారో, వెండి నల్లబడుతుంది.