ప్లాస్టిక్‌లో కరెంటు పరుగు!

కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఎందుకు? పట్టుకుంటే షాక్ కొట్టకుండా! ప్లాస్టిక్‌లోంచి కరెంటు పారదన్నది చిన్నపిల్లలకూ తెలిసిన సంగతే. మరి ఆ ప్లాస్టిక్కే తీగ పని చేస్తే? చేయగలదని నిరూపించినందుకే 2000లో ముగ్గురు శాస్త్రవేత్తలకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది.

కథ పొరపాటుతో మొదలైంది. 1967లో టోక్యోలో హిడెకి షిరకావా ప్రయోగశాలలో పాలీఎసిటిలీన్ అనే ప్లాస్టిక్‌ను తయారుచేస్తూ ఒకరు ఉత్ప్రేరకాన్ని వెయ్యి రెట్లు ఎక్కువ వేసేశారు. నల్లటి పొడికి బదులు వెండిలా తళతళలాడే పొర వచ్చింది. మెరుపు లోహానిదే అయినా కరెంటు మాత్రం అంతంతే. తర్వాత షిరకావా అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ అలాన్ మెక్‌డయార్మిడ్, అలాన్ హీగర్‌లతో కలిసి ఆ పొరకు అయోడిన్ ఆవిరి పట్టించారు. అంతే... దాని విద్యుత్ వాహకత ఏకంగా కోటి రెట్లు పెరిగింది! 1977లో ఆ ఫలితాలు లోకానికి తెలిశాయి.

ఇంతకీ అయోడిన్ చేసిన మాయేమిటి? పాలీఎసిటిలీన్ అంటే కార్బన్ పరమాణువుల పొడవాటి గొలుసు. అందులో ఒక ఒంటి బంధం, ఒక జంట బంధం వరుసగా ఉంటాయి. జంట బంధంలోని కొన్ని ఎలక్ట్రాన్ల మీద పట్టు కాస్త వదులే. కానీ కదలడానికి చోటేదీ? హౌస్‌ఫుల్ అయిన సినిమా హాల్లో ఒక వరుసను ఊహించుకోండి. ఎవరూ పక్కకు జరగలేరు. మధ్యలో ఒకరు లేచి వెళ్లిపోతే పక్కవాళ్లు ఆ సీట్లోకి జరగొచ్చు, వాళ్ల సీట్లోకి ఇంకొకరు... అలా ఖాళీ సీటే వరుస చివరికి ప్రయాణిస్తుంది. అయోడిన్ చేసేదీ అదే. ఎలక్ట్రాన్‌ను లాక్కుని ఖాళీని సృష్టిస్తుంది. ఆ ఖాళీ జరుగుతుంటే కరెంటు పారుతున్నట్లే.

అసలు చిక్కు గొలుసు చివర్లో వస్తుంది. గొలుసులన్నీ ఉడికిన సేమ్యాలా చిందరవందరగా పడి ఉంటాయి. ముందుకెళ్లాలంటే పక్క గొలుసు మీదికి గెంతాలి. ఆ గెంతుకు వేడి ఊతమిస్తుంది. అందుకే వేడెక్కితే రాగిలో వాహకత తగ్గుతుంది, ఈ రకం ప్లాస్టిక్‌లు చాలావాటిలో పెరుగుతుంది! గొలుసుల్ని సాగదీసి ఒకే దిశలో పేర్చినా ప్రయాణం సులువవుతుంది.

అలాగని రాగి తీగకు కాలం చెల్లలేదు. గాలి తగిలితే పాలీఎసిటిలీన్ పాడైపోతుంది మరి. ఆ తర్వాత వచ్చిన పెడాట్ లాంటివి మాత్రం నిలకడగా ఉంటాయి. ఫొటో ఫిల్ముల మీద స్థిరవిద్యుత్తు పేరుకోకుండా పూతగా, కెపాసిటర్లలో భాగంగా పనికొచ్చాయి. సిరాలా పూయొచ్చు, వంచొచ్చు కూడా!