మొక్కలు పంచే ముందు మన్ను చూద్దాం

కొంచెం పొడుగు పోస్టు, తీరిగ్గా చదవండి.

మూడేళ్ల కింద ఉగాది సభలో మన సంఘం మహాగని మొక్కలు పంచింది. ఆ ఉత్సాహంలో నర్సరీ నుంచి ఇంకొన్ని కొని, హోసూరు పక్కన మా చేలో మొత్తం 200 నాటాను. మొన్న లెక్కపెడితే 130కి పైగా మొక్కలకు నిటారు కాండం లేదు. మొవ్వు తొలిచే పురుగు కొసను తినేస్తే, కింద నుంచి రెండు మూడు కొమ్మలు లేచి పొదల్లా తయారయ్యాయి. మహాగనికి ధర వచ్చేది తిన్నని మొద్దుకే. పొదకు ఎవరిస్తారు?

మందు కొట్టాను. పురుగు చిగురు లోపల దూరాక పైన కొట్టిన మందు ఏం చేస్తుంది? కొత్త చిగురు రాగానే మళ్లీ అదే కథ. తప్పు సగం నాదే. మొక్క తొందరగా పెరగాలని రెండేళ్లు యూరియా గుప్పించాను. అందులో 46 శాతం నత్రజని, ఇంకేమీ లేదు. అదొక్కటే తింటే మొక్క లేత చిగుర్లను ఆగకుండా తోస్తుంది. పురుగుకు కావలసింది కూడా ఆ లేత చిగురే. కణాల గోడలను గట్టిగా కట్టి ఉంచేవి కాల్షియం, బోరాన్. ఆలస్యంగా మన్ను పరీక్ష చేయిస్తే ఆ రెండూ తక్కువ, పీహెచ్ 5.4. యూరియా వేసేకొద్దీ మన్ను ఇంకా పులుస్తుంది.

టేకు వేసినవాళ్లు నన్ను చూసి నవ్వకండి. టేకు సున్నం కోరే చెట్టు. పీహెచ్ 6.5 నుంచి 7.5 దాకా ఉంటే బాగా వస్తుంది, పులుపు నేలలో గిడసబారుతుంది. ఆకు తినే పురుగు వల్ల లేత టేకు తోటలు పెరగాల్సిన కలపలో 44 శాతం పోగొట్టుకున్నాయని నిలంబూరులో కేరళ అటవీ పరిశోధన సంస్థవాళ్లు కొలిచారు. ఆకంతా పోయిన చెట్టు మళ్లీ ఆకు వేయాలంటే దాచుకున్న సత్తువ తీయాలి. దాచుకోవడానికే లేని చెట్టు ఏం తీస్తుంది?

సున్నం వేస్తే పురుగు రాదని నేను చెప్పడం లేదు. మహాగని ఉన్నచోటికి ఆ పురుగు వస్తుంది. తిండి సరిగా ఉన్న మొక్క త్వరగా తేరుకుంటుంది, ఒక్క మొవ్వు ఉంచి మిగతావి కోసేస్తే మళ్లీ నిలబడుతుంది. అలాగని అందాజాగా ఏదీ వేయొద్దు. ముఖ్యంగా బోరాన్: గ్రాముల లెక్క తప్పితే అదే విషం.

అందుకే నా మాట ఇది. వచ్చే ఉగాదికి మొక్కల డబ్బులో సగం మన్ను పరీక్షలకు పెడదాం. పరీక్ష కాగితం పట్టుకుని ఫొటో దిగితే అందంగా ఉండదని కమిటీలో ఒకరు అన్నారు, అదీ నిజమే! కానీ మొక్క ఊరికే వచ్చినా, పదిహేనేళ్లు ఆగేది మన చేను.

చెట్లకు తీసే మన్ను పైపైన గీరితే చాలదు. అడుగు, రెండడుగులు, మూడడుగుల లోతుల్లో వేరువేరుగా తీసి, వేరువేరు సంచుల్లో కట్టాలి. మా చేలో తీసిన గుంతలు ఇంకా పూడ్చలేదు. ఆదివారం పొద్దున ఎవరైనా వస్తే చూపిస్తాను.